పేటలోని చీనా వంటశాల

అమెరికా నగరములలో ఇంచుమించు ప్రతి పేటయందును ఒక చిన్న చీనా భోజనశాల కనబడును. అచట కూర్చుండి భుజించువారు స్వల్పము, టెలిఫోనులో చెప్పి వండించుకొని ఇంటికి గొనిపోవువారే అధికము. ఈ శాలల వ్యాప్తి వెనుక ఒక చరిత్ర కలదు. 1882లో ఆ దేశము చీనా శ్రామికుల రాకను నిషేధించుచు శాసనము చేసెను. తరువాత 1915లో భోజనశాలల యజమానులనుకూడ, ఆ నిషేధము వర్తింపని వర్తకులుగా పరిగణింపవచ్చునని న్యాయస్థానము తీర్పు చెప్పినందున, స్వదేశమునుండి తమవారిని రప్పించుకొనుటకు అనేకులకు ఈ వృత్తియే మార్గమయ్యెను.

పెనుమంటపై ఇనుప బాణలి ఎగురుచుండగా, అల్లము వెల్లుల్లి సోయారసముల ఘుమఘుమ కమ్ముకొనుచుండగా, బల్లకు ఇవతల నిలిచి వేచియుండు ఆ కొద్ది నిమిషములే ఈ అనుభవమునకు ప్రాణమని నా అభిప్రాయము. నిత్యము వచ్చువాని గొంతును టెలిఫోనులోనే గుర్తుపట్టి, "ఎప్పటిదేనా?" యని యజమానురాలు పలుకరించుటలోని ఆత్మీయత పెద్ద హోటళ్లలో దుర్లభము. పిదప చేతికి వచ్చు తీగపిడి గల తెల్లని అట్టపెట్టెయు సామాన్యమైనది కాదు. 1894లో చికాగోవాసి ఫ్రెడరిక్ విల్కాక్స్ పేటెంటు పొందిన ఆ పద్ధతిలో, ఒకే అట్టముక్కను మడచి చేయుటచే, అడుగున అతుకు లేక పులుసు కారదు.

అచట నివసించు శాకాహారులైన తెలుగువారికి ఒక్క మనవి: కూరగాయల వంటకములందును ఆల్చిప్పల సారముతో చేసిన ఆయిస్టర్ సాస్ పడుచుండును గనుక, వండకముందే అడిగి తెలిసికొనుడు.