ప్రతి పొయ్యీ ఒకే వేళకు వెలగాలి

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబంపై, సహచరులందరిపై శాంతి, శుభాలు కురియుగాక!



2020 రమజాన్‌ను మనం మరువలేము. ఏప్రిల్ 25న తొలి ఉపవాసం, మే 25న పండుగ. ఆ నెలంతా మసీదులలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పరచలేకపోయాము. నగరంలో హలీం బట్టీలు చల్లారి ఉన్నాయి. పండుగ నమాజును సైతం ఇళ్ళలోనే చేసుకున్నాము. అయినా ఆ ఉదయం సైనిక్‌పురిలోనూ పాత నగరంలోనూ ఇంటింటా షీర్ ఖుర్మా ఉడికింది. అవే పాలు, అదే సేమియా, అవే ఖర్జూరాలు. ఎవరింటికీ వెళ్ళలేకపోయినా, అందరింటా ఏమి వండుతున్నారో మనకు తెలుసు. ఆ తెలియడమే మనకు ఓదార్పు అయింది.

కలిసి భుజించినా, వేర్వేరుగా భుజించినా దోషం లేదని దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ అధ్యాయం, 61వ వాక్యం తెలుపుతోంది. మరి వేర్వేరు ఇళ్ళలో వండుకున్న భోజనం మనల్ని ఒక్క సముదాయంగా చేసేది ఎప్పుడు? అష్అరీ తెగవారిని చూడండి. ఆహారం కొరవడినప్పుడు వారు తమ వద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంపై పోగుచేసి, ఒకే పాత్రతో కొలిచి, సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడను అని దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. వారిని ఒక్కటి చేసింది ఆ సమానమైన కొలత.

సదఖతుల్ ఫిత్ర్‌లోని మర్మం కూడా ఇదే. హనఫీ మస్లక్ ప్రకారం గోధుమలైతే తలకు అర సా, ఖర్జూరాలు లేక బార్లీ అయితే ఒక సా. వాటి వెల ఇచ్చినా చెల్లుతుంది. పండుగ నమాజుకు బయలుదేరకముందే దీనిని చెల్లించాలన్నది ప్రవక్త (స) ఆదేశం.

అయితే ఒక్క క్షణం ఆలోచించండి. నమాజు వరుసలో నిలబడే ముందు మనం ఒక పేదవాని చేతిలో ఫిత్రా పెడితే మన బాధ్యత తీరుతుంది. కానీ అతని ఇల్లాలు పాలు ఎప్పుడు కొనాలి? సేమియా ఎప్పుడు వేయించాలి? మన పిల్లలు షీర్ ఖుర్మా తాగి అత్తరు పూసుకునే వేళకు ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. ప్రవక్త (స) సహచరులు పండుగకు ఒకటి రెండు రోజుల ముందే ఫిత్రా ఇచ్చేవారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. మనమూ అలాగే ఇద్దాము.

మన పేటలో కాపలా కాసేవారు, అంట్లు తోమేవారు, కట్టడాల వద్ద రేకుల పాకలలో ఉండేవారు ఎందరో ఉన్నారు. వారిలో అర్హులెవరో నేడే విచారించండి. ఇక పొరుగువారి హక్కుకు మతంతో నిమిత్తం లేదు. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. షీర్ ఖుర్మా చిత్రాన్ని ఫోనులో పదిమందికి పంపే ముందు, ఒక గిన్నె పక్కింటికి పంపండి.

ఓ అల్లాహ్! ఈ పండుగ ఉదయాన మా పేటలో చల్లారిన పొయ్యి ఒక్కటీ లేకుండా చేయి. మా దానాన్ని వేళకు చేర్చే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.