మద్దిచెట్టు – మన వైద్యము

గోదావరి తీరమున, కాళేశ్వరమునకు చేరువనున్న మహదేవపూర్ పేరు వినగానే మనకు దసలిపట్టు స్ఫురించును. దసలిపురుగులను అక్కడ మద్దిచెట్లపై పెంచుదురు. మద్దిలో నల్లమద్ది, తెల్లమద్ది అని రెండు తెగలు. తెల్లమద్దినే సంస్కృతమున అర్జునవృక్షమందురు. దాని ఆకు పురుగునకు మేత. బెరడు మనిషికి ఔషధము. మూలికావైద్యము నడచివచ్చిన త్రోవను ఈ చెట్టు నీడ నుండియే శ్రోతలకు చూపదలచితిమి.

తొలుత ఉన్నది అనుభవము. ఏ ఆకు పుండును మాన్పునో, ఏ వేరు ప్రాణము తీయునో అడవిలో బ్రతికినవారు చూచి తెలిసికొని, బిడ్డలకు నోటిమాటగా చెప్పిరి. అథర్వవేదమున ఓషధులను స్తుతించు సూక్తములు కలవు. ఆ అనుభవమును చరక సుశ్రుత సంహితలు శాస్త్రముగా కూర్చినవి. తెల్లమద్ది బెరడును పాలతో కాచి హృద్రోగమునకు వాడు పద్ధతిని 11వ శతాబ్దిలో చక్రపాణిదత్తుడు చెప్పెను. మన నేలపై రాజులును వైద్యమునకు ఆదరువు కల్పించిరి. రుద్రమదేవి కాలమునాటి మల్కాపురము శాసనము, 1261లో వేయించినది, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను పేర్కొన్నది.

19వ శతాబ్దిలో మరియొక మలుపు వచ్చినది. మొక్కలో పనిచేయు పదార్థమును విడదీయుట శాస్త్రజ్ఞులు నేర్చిరి. 1820లో ఫ్రాన్సున సింకోనా బెరడు నుండి క్వినైనును తీసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించుటను గూర్చి తన పరిశీలనలను ప్రకటించెను. 1952లో ఆ వేరునుండి రెసర్పిన్‌ను విడదీసిరి. ఎందరికో మేలు కలిగినది. కాని మందు వేరులోనే ఉండుటచేత మొక్కను సమూలముగా పెరికిరి. తుదకు 1990లో దాని అంతర్జాతీయ వ్యాపారమును అదుపులో పెట్టవలసి వచ్చినది.

మద్దికి ఆ గతి పట్టరాదు. బెరడును చుట్టును ఒలిచినచో, ఆకులలో తయారైన ఆహారము వేళ్లకు చేరదు, చెట్టు ఎండిపోవును. అప్పుడు రోగికి మందును లేదు, పురుగునకు మేతయు లేదు. లోపలిపొరను ఉంచి, ఒక ప్రక్కనే కొద్దిగా తీసినచో బెరడు మరల వచ్చును.

ఇంటిల్లిపాదికి ఒక హెచ్చరిక. తెల్లమద్దిపై పరిశోధనలు నేటికిని సాగుచున్నవి. ఇరుగుపొరుగు మాట విని, గుండెకు వైద్యుడిచ్చిన మందు మాని కషాయమును నమ్ముకొనుట ప్రమాదము. గుణము తెలియని మందును చరకుడే విషముతో పోల్చెను. అడవివారి ఎరుకను పరీక్షించి గ్రహించుట, గ్రహించిన పిమ్మట చెట్టును బ్రతికించుకొనుట — ఇవి రెండును మన తరము పనులు.