పాత మస్టాంగ్ పొగ గొట్టం బాగుచేయాలంటే

పాత అమెరికన్ కారు మీద మనసుపడి, కొని, గరాజ్‌లో పెట్టుకున్న మనవాళ్ల కోసం ఈ వారం మాట్లాడుతున్నాను. అన్ని కార్ల గురించీ చెబితే ఏ కారుకీ పనికిరాదు కాబట్టి ఒకటే తీసుకుంటాను: 1965, 66 నాటి ఫోర్డ్ మస్టాంగ్, 289 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజన్ ఉన్నది. అందులోనూ దాని ఎగ్జాస్ట్ ఒక్కటే.

ఈ కారు కొన్నవాళ్లు మొట్టమొదట అడిగేది, ఏ సైలెన్సర్ పెడితే గంభీరంగా మోగుతుందని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఇంజన్‌లో పుట్టిన విషవాయువుని మన ముక్కుకి తగలకుండా కారు వెనక్కి చేర్చడం ఎగ్జాస్ట్ మొదటి పని. ఇంజన్‌ని ఊపిరి పీల్చుకోనివ్వడం రెండో పని. మోత ఆ తర్వాత. పని చేసే వరుస కూడా అలాగే ఉండాలి, ఇంజన్ దగ్గర మొదలై తోక దగ్గర ముగియాలి. చాలామంది తోక దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే అక్కడ బోల్టులు తేలిగ్గా ఊడతాయి!

పానా పట్టుకునే ముందు మీ కారు ఏమిటో తెలుసుకోండి. దాని గుర్తింపు నంబరులో మొదటి అంకె సంవత్సరం, 5 అంటే 1965. రెండోది తయారైన ఊరు. తర్వాతి రెండంకెలు బాడీ: 07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. అయిదోది ఇంజన్: సి అంటే 200 గుర్రాల సాదా 289, ఎ అంటే 225, కె అంటే 271. ఊరి అక్షరం ఎఫ్ ఐతే డియర్‌బోర్న్, ఆర్ ఐతే శాన్ హోసే, టి ఐతే మెటచెన్. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. మెటచెన్ పేరు పెట్టుకున్న ఆ ఫ్యాక్టరీ నిజానికి ఉన్నది న్యూజెర్సీ ఎడిసన్‌లో. శాన్ హోసే ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటాస్‌లో, ఇప్పుడు ఆ కట్టడమే గ్రేట్ మాల్. అంటే మనవాళ్లు శనివారం బట్టలు కొనుక్కునే చోట ఒకప్పుడు ఈ కార్లు వరసగా బయటికొచ్చాయన్నమాట. మీ కారు నంబరులో ఆర్ ఉంటే ఓసారి అక్కడికి తీసుకెళ్లి ఫొటో తీసుకోండి, తప్పులేదు.

సి కోడ్ కారుకి మామూలుగా ఒకే ఎగ్జాస్ట్. రెండు వైపుల పొగా ఒక గొట్టంలో కలిసి వెనక్కి పోతుంది. 1965 ఏప్రిల్‌లో వచ్చిన జిటి ప్యాకేజీ ఎ, కె కోడ్ ఇంజన్లకే ఇచ్చారు. వాటికి జంట గొట్టాలు, వెనక బంపరు కింది రేకులోంచి బయటికొచ్చే బాకా మూతులు. ఆ తర్వాత మామూలు కార్లకి ఆ మూతులు తగిలించి జిటి అని అమ్మినవాళ్లు కోకొల్లలు. 1967 నుంచి వచ్చిన కార్లకైతే ఫోర్డ్ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. 65, 66 కార్లకి అది లేదు. అందుకని కారు కింద పడుకుని చూడాలి: అసలు జిటిలకు వెనక రెయిళ్ల మీద, సైలెన్సర్ హ్యాంగర్లు బిగించే చోట, ఫ్యాక్టరీలోనే బలపురేకులు వెల్డ్ చేశారు. అవి ఉంటే పాత గొట్టం ఎంత తుప్పుపట్టినా ఆ చోట్లకి ఫొటోలు తీసి పెట్టుకోండి. లేకపోతే మీది సి కోడ్ కారని నలుగురి ముందు చెప్పుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. ఒంటి గొట్టం శుభ్రంగా పెట్టించుకున్న సి కోడ్ కారు, దొంగ జిటి కన్నా నా కంటికి అందంగా ఉంటుంది.

ఇక తుప్పు సంగతి. ఉప్పు చల్లే రోడ్లున్న మిషిగన్‌లాంటి చోట్ల గొట్టాన్ని తుప్పు బయటినుంచి తినేస్తుంది, అది అందరికీ తెలుసు. లోపలినుంచి తినేది మాత్రం కనబడదు. ఒక గ్యాలన్ పెట్రోలు మండితే దగ్గర దగ్గర ఒక గ్యాలన్ నీరు పుడుతుంది. ఇంజన్ వేడెక్కి ఓ అరగంట నడిస్తే ఆవిరై పోతుంది. కారుని గరాజ్‌లోంచి తీసి, వీధి చివరిదాకా తిప్పి మళ్లీ పెట్టేస్తే ఆ నీరంతా, దాంట్లో కలిసిన ఆమ్లంతో సహా, ఇంజన్‌కి దూరంగా చల్లగా ఉండే సైలెన్సర్ అడుగున చేరి కూర్చుంటుంది. పైకి నల్లగా నిగనిగలాడే సైలెన్సర్‌ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే సరే. బొదబొదమన్నా, లోపల ముక్కలు గలగలమన్నా దాని పని ఐపోయినట్టే.

ఈ కారులో కారుతున్న ఎగ్జాస్ట్ ఎందుకంత ప్రమాదమో కాస్త వివరంగా చెప్పాలి. మస్టాంగ్‌లో పెట్రోల్ ట్యాంకు పైరేకే డిక్కీకి నేల. ట్యాంకు అంచు చుట్టూ ఉన్న సీలు ఎండి బీటలిస్తే కింది గాలి నేరుగా డిక్కీలోకి వస్తుంది. హార్డ్‌టాప్‌లో డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఉన్నది ఒక అట్ట, ఇనుప గోడ కాదు. కారు నడుస్తున్నప్పుడు వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి పొగ కారు వెంటే చుట్టుకుంటుంది. పైగా ఇది 1975 మోడళ్లతో వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లకి పదేళ్ల ముందుది, కార్బురేటర్ బండి. ఇప్పటి కార్లతో పోలిస్తే దీని పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ. ఆ వాయువుకి రంగూ వాసనా లేవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారని ముచ్చటపడతాం, నిద్ర కాకపోవచ్చు. ఎగ్జాస్ట్ పనితో పాటు ట్యాంకు సీలు, డిక్కీ మూత రబ్బరు, వెనక లైట్ల గ్యాస్కెట్లు మార్చండి. తోక గొట్టం బంపరు దాటి బయటికి రావాలి, లోపలే ఆగిపోకూడదు.

సరే, విప్పడానికి వద్దాం. జాక్ మీద ఉన్న కారు కిందకి దూరవద్దు. స్టాండ్లు పెట్టండి, చక్రాలకి అడ్డుకట్టలు పెట్టండి, కారుని ఒకసారి చేత్తో ఊపి చూసి అప్పుడు దూరండి. ఇంజన్ నుంచి పొగని గొట్టంలోకి చేర్చే మ్యానిఫోల్డ్ బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మర్నాడు విప్పేటప్పుడు ముందు వెంట్రుకవాసి బిగించి తర్వాత వదులు చేయండి, తుప్పు పట్టు అలా విరుగుతుంది. కదలకపోతే బలం పెట్టకండి. వేడి పెట్టండి, ఆగండి, మళ్లీ నూనె. టార్చి వెలిగించే ముందు బ్యాటరీ వైరు తీసేయాలి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, పెట్రోల్ గొట్టాలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం టార్చి, వెల్డింగ్ రెండూ వద్దు; దానికి సెగ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. బోల్టు విరిగిందా, మిగిలిన మొండేనికి ఒక నట్టు వెల్డ్ చేసి తిప్పండి. వెల్డింగ్ వేడికే అది సగం వదులౌతుంది. డ్రిల్లు ఆఖరి ఆయుధం. పాత గ్యాస్కెట్ ముక్కల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకుండా తడిపి తీయండి.

బయటికొచ్చిన పోత ఇనుప మ్యానిఫోల్డ్‌ని తిన్నని ఇనుప స్కేలు మీద ఆన్చి, సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. అరవై ఏళ్లు కాలి చల్లారి వంకరపోయి ఉంటుంది. ఫోర్డ్ వాళ్లు వీటిని ఫ్యాక్టరీలో గ్యాస్కెట్ లేకుండానే, ఇనుముకి ఇనుము ఆన్చి బిగించారు. అప్పుడు అంచులు తిన్నగా ఉన్నాయి కాబట్టి చెల్లింది. ఇప్పుడైతే మెషిన్ షాపులో ఆ అంచు చదును చేయించి, మంచి గ్యాస్కెట్ వేసుకోవడం మేలు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని, వేడెక్కాక మాయమయ్యే చప్పుడుంటే అది వాల్వులది అనుకుని మెకానిక్‌కి డబ్బులు పోయకండి, ముందు ఈ అంచు చూడండి.

కుడివైపు మ్యానిఫోల్డ్ మూతి దగ్గర ఒక చిన్న తలుపు, దానికో చుట్ట స్ప్రింగు, ఒక బరువు కనిపిస్తాయి. దాన్ని హీట్ రైజర్ అంటారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ తలుపు మూసుకుని, వేడి పొగని కార్బురేటర్ కింది దారిలోంచి పంపి పెట్రోలుని ఆవిరి చేస్తుంది. వేడెక్కాక స్ప్రింగు సాగి తెరుచుకుంటుంది. అది మూసుకున్న స్థితిలో తుప్పుపట్టి ఉండిపోతే కుడివైపు సిలిండర్లు ఉక్కిరిబిక్కిరౌతాయి, కార్బురేటర్‌లో పెట్రోలు మరుగుతుంది, మీరేమో రేడియేటర్ మారుస్తూ కూర్చుంటారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ బరువుని వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి. టెక్సస్‌లో ఉండేవాళ్లు దాన్ని తీసేసి బదులు దిమ్మ పెట్టుకున్నా నష్టం లేదు. చలి ప్రాంతాల్లో ఐతే బాగుచేసి ఉంచుకోండి.

ఇనుప మ్యానిఫోల్డ్ తీసేసి, బదులుగా హెడర్లనే విడి గొట్టాలు వేయమని మఫ్లర్ షాపులో చెబుతారు. 1965 నాటి షెల్బీ జిటి350కి ట్రై-వై హెడర్లు ఉండేవి, గొట్టాలు వెనక చక్రాల ముందే పక్కకి తెరుచుకునేవి, నిజమే. అది పందెం కోసం కట్టిన బండి. మీ బండిలో షాక్ టవర్ల మధ్య చోటు ఇరుకు. హెడర్లు వేస్తే స్పార్క్ ప్లగ్ మార్చాలన్నా అవస్థే, స్పీడ్ బ్రేకర్లకి గీసుకోవడం అదనం. రెండొందల గుర్రాలకి ఆ ఇనుప మ్యానిఫోల్డే చాలు.

గొట్టం లోహం గురించి ఒక్క మాట. తక్కువ ఖర్చులో అల్యూమినియం పూత ఉన్న ఉక్కు. ఆపైన 409 స్టెయిన్‌లెస్, అందులో క్రోమియం సుమారు 11 శాతం, అయస్కాంతానికి అంటుతుంది, పైన గోధుమరంగు పొర వస్తుంది కానీ లోతుకి తినదు. ఇంకా పైన 304, క్రోమియం 18, నికెల్ 8 శాతం, మెరుస్తూ ఉంటుంది. తక్కువ తిరిగే కారుకి లోపలి తుప్పే శత్రువు కాబట్టి నా ఓటు 409కే. ప్రదర్శనకి పెట్టే కారుకి 304 మెరుపు మార్కులు తెచ్చిపెట్టదు, ఫ్యాక్టరీ నుంచి అలా రాలేదు మరి. వ్యాసం జంట గొట్టాలకైతే రెండు అంగుళాలు, మహా ఐతే రెండుంపావు. వంపు తిప్పేటప్పుడు గొట్టం నలిగిపోకుండా లోపల మాండ్రెల్ పెట్టి వంచే షాపుకి వెళ్లండి.

ఇప్పుడు మోత. ఈ ఇంజన్‌లో నిప్పు రాజుకునే వరుస 1-5-4-2-6-3-7-8. కుడివైపున ఉన్నవి ఒకటి నుంచి నాలుగు, ఎడమవైపున అయిదు నుంచి ఎనిమిది. వరుసని మళ్లీ వినండి: 4, 2 వెంటవెంటనే కుడివైపే. 7, 8 వెంటవెంటనే ఎడమవైపే. అంటే ఏ గొట్టంలోనూ పేలుళ్లు సమంగా రావు, ఒకసారి రెండు కలిసి, తర్వాత కాస్త విరామం. అమెరికన్ వి-8 గుడగుడ అంతా అక్కడ పుడుతుంది. దాన్ని ఏ సైలెన్సరూ పుట్టించదు, ఉన్నదాన్ని కాస్త వదులుతుందో నొక్కుతుందో అంతే. జంట గొట్టాల మధ్య హెచ్ ఆకారంలో అడ్డు గొట్టం పెడితే ఒకవైపు ఒత్తిడి రెండోవైపుకి పంచబడి, గొంతు కరుకుదనం తగ్గి నిండుగా వినిపిస్తుంది. దీన్ని మాత్రం మానకండి.

సైలెన్సర్ ఎంపికలో జనం వీధి చివర ఎలా వినిపిస్తుందో ఆలోచిస్తారు. మీరు హైవే మీద గంటసేపు లోపల కూర్చోవాలి కదా! ఈ కారుకి ఓవర్‌డ్రైవ్ లేదు. ఇంజన్ నిమిషానికి 2,400 సార్లు తిరుగుతుంటే సెకనుకి 160 పేలుళ్లు. ఆ స్వరం కారు లోపలి గాలితో శ్రుతి కలిస్తే తల దిమ్మెక్కే హోరు. ఫైబర్‌గ్లాస్ దూర్చిన, పొగ నేరుగా పోయే గ్లాస్‌ప్యాక్‌లు కొత్తలో ఒద్దికగానే ఉంటాయి. దూది కాలి ఎగిరిపోయేకొద్దీ అరుపు పెరుగుతుంది. పొగని లోపల వెనక్కీ ముందుకీ తిప్పే పాత పద్ధతి సైలెన్సర్లు మెత్తన. నడిమి దారి టర్బో సైలెన్సర్; షెవర్లే కొర్వేర్ టర్బో కారుకి పెట్టిన సైలెన్సర్‌ని అరవైల్లో కుర్రాళ్లు తమ బళ్లకి తగిలించుకోగా ఆ పేరు స్థిరపడింది. 289కి నేను చెప్పేది అదే. బులిట్ సినిమా చూసి వచ్చేవాళ్లకో మనవి: అందులో ఉన్నది 1968 మస్టాంగ్, 390 ఇంజన్. మీ 289 ఆ గొంతుతో పాడదు, పాడాల్సిన పనీ లేదు.

బిగించేటప్పుడు మొత్తం వ్యవస్థ ముందు వదులుగా తగిలించి, గొట్టానికీ నేలరేకుకీ బ్రేక్ పైపుకీ మధ్య అంగుళం ఖాళీ చూసుకుని, అప్పుడు ముందునుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, హ్యాంగర్లకీ రబ్బరు ఉండాలి. యూ-బోల్టు క్లాంపులు గొట్టాన్ని నొక్కేస్తాయి, మళ్లీ ఊడదీయాలంటే కోసెయ్యాల్సిందే. వెడల్పు పట్టీ క్లాంపులు కొనండి. తర్వాత వాక్యూమ్ క్లీనర్ గాలి వెనక్కి వదిలేలా తిప్పి తోక గొట్టంలోకి ఊదిస్తూ, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు కొట్టండి. సైకిల్ షాపులో ట్యూబుని నీళ్లలో ముంచినట్టే, కారే చోట బుడగలొస్తాయి.

చట్టం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి పొగ పరీక్ష లేదు, కానీ కారు మోత 95 డెసిబెల్స్ దాటకూడదు. 1966లో అక్కడ అమ్మిన కార్లకి థర్మాక్టర్ అనే గాలిపంపు ఉండేది. మీ కారుకి ఇంకా మిగిలి ఉంటే పనికిరాని ఇనుమని పారేయకండి, వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

మొదటిసారి వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ ఓసారి బిగించండి. కొత్త గొట్టం కాస్త పొగలు కక్కుతుంది, తయారీలో పూసిన నూనె కాలడం అది. ఆ పొగ ఆగేదాకా కారుని గరాజ్ బయటే ఉంచండి. తర్వాత నెలకి రెండుసార్లైనా అరగంట తగ్గకుండా హైవే మీదికి తీసుకెళ్లి లోపలి తడి ఆరనివ్వండి.