నోటి పుండు - మాంసకృత్తుల సాక్ష్యము

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో అడ్డపొగ త్రాగు స్త్రీలను మా శ్రోతలలో పలువురు ఎరుగుదురు. చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొనుటచే అంగిలి ఏండ్ల తరబడి కాగి, కొందరికి అక్కడనే క్యాన్సరు పుట్టును. జర్దా, గుట్కా నమలువారికి బుగ్గలోనో నాలుక ప్రక్కనో పుట్టును. ఎక్కడ పుట్టినను, ముక్క పరీక్షలో వ్యాధి తేలిన దినమున ఇంటివారు వైద్యుని అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యా, మనిషి దక్కునా?"

జవాబు ఆ కోసిన ముక్కలోనే దొరకునేమో యని శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా వెదకుచున్నారు. జీవకణములో జరుగు పనులన్నిటికి మూలము మాంసకృత్తులు. ఒకానొక మాంసకృత్తును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకమును ముక్కపై పోసి రంగు కట్టించినచో, అది ఉన్నచోట గోధుమవన్నె తేలును. వీనిలో పేరెన్నిక గన్నది 1979లో కనుగొనబడిన పి53. మొదట దీనిని క్యాన్సరును పెంచునదిగా తలచిరి. పదేండ్లకు, 1989లో, అది క్యాన్సరును అడ్డగించు కావలివాడని తేలినది! ఈ కావలివాడు చెడినప్పుడు తరచుగా కణములలో పోగుపడి ముదురురంగు చూపును; కొన్ని వేళల బొత్తిగా మాయమగును. కనుక రంగు లేదన్నంత మాత్రమున శుభమనుకొనరాదు. కీ-67 అనునది విభజన చెందు కణములలోనే కనబడును (పేరులోని 'కీ' జర్మనీలోని కీల్ నగరమునకు గురుతు). ఇ-కాడ్హెరిన్ కణములను ఒకదానితో నొకటి అతికించి యుంచును; అది తగ్గినచో అవి విడివడి ప్రాకుట సులభమగును.

ఇవి విన్నంతనే జాతకము చేతికి వచ్చినట్లు తోచును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. కాని వందలమందిని కలిపి చూచినపుడు కనబడు మొగ్గు ఒక్క మనిషి విషయమున తీర్పు కాజాలదు. పైగా ఒక పరిశోధనలో కీడుగా తోచిన గురుతు మరియొకదానిలో నిలువకపోవుటయు కలదు.

పి16 విషయమున పొరపాటు మరింత సులభము. టాన్సిళ్ళలో, నాలుక మొదట పుట్టు గొంతు క్యాన్సరులో అది మెండుగా కనబడినచో, వ్యాధి సాధారణముగ పాపిలోమా వైరసు వలన కలిగినదనియు, చికిత్సకు బాగుగ లొంగుననియు అర్థము. 2017లో సవరింపబడిన వ్యాధిదశల పట్టికలో దానికి స్థానము లభించినది. బుగ్గ, అంగిలి, నాలుక ముందుభాగముల క్యాన్సరునకు ఈ ఊరట వర్తింపదు.

వీనికై ఆ పట్టికలో క్రొత్తగా చేర్చినది పుండు లోతు: 5, 10 మిల్లీమీటర్లు హద్దులు. మెడ గ్రంథులకు ప్రాకినదా యనునది అంతకంటె బలమైన సాక్ష్యము. ముంబయిలోని టాటా స్మారక వైద్యాలయమువారు 2015లో ప్రకటించిన పరిశోధనలో, తొలిదశ రోగులకు మెడలో ఏమియు తగులకున్నను ముందుగనే గ్రంథులను తీసివేయగా మూడేండ్లకు 80 శాతము జీవించిరి, వేచిచూచినవారిలో 67.5 శాతమే. అయితే ముందుగ తీయించుకొన్న పదుగురిలో సుమారు ఏడుగురి గ్రంథులలో వ్యాధి లేనేలేదు. ఆ ఏడుగురు ఎవరో నమ్మకముగ చెప్పి, వారికి మెడకోత తప్పింపగల మాంసకృత్తు కొరకే వెదకులాట సాగుచున్నది. అంతవరకు, శస్త్రచికిత్స పిమ్మట ఇచ్చు చీటీలో మొదట చదువవలసినవి లోతు ఎన్ని మిల్లీమీటర్లు, గ్రంథులు ఎన్ని అను రెండు అంకెలే.