కృష్ణా నీళ్లు కుప్పం చేరాక



ఇందాక పట్టాలివ్వడానికి కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల పేర్లు చదివీ చదివీ రిజిస్ట్రార్ గారి గొంతు ఎండిపోయింది. సివిల్, మెకానికల్ వంతు మాత్రం ఆయన మంచినీళ్లు తాగేలోపే అయిపోయింది. ఎందుకో ఈ హాల్లో అందరికీ తెలుసు. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ బెంగళూరు ఐటీ కంపెనీలకు దగ్గరే. అందుకే కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్ సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, రెండోది ఏఐ, మూడోది డేటా సైన్స్. 2024–25 నుంచి బ్రాంచీ సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేస్తూ, సివిల్, మెకానికల్ లాంటి కోర్ బ్రాంచీలు కనీసం మూడు నడపాలని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ షరతు పెట్టాల్సి వచ్చింది. ఆ షరతు లేకుంటే కొన్ని కాలేజీల్లో సర్వే పరికరాలు బీరువా దాటేవి కావు.

మొదటి జీతంలో సీఎస్‌ఈదే పైచేయి, కాదనను. సైటు ఇంజనీరుగా చేరినవాడు ఎండలో నిలబడి తక్కువ జీతానికి పనిచేయాలి. కానీ పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చే మూడున్నర లక్షలు పదేళ్లకు పైగా పెద్దగా కదల్లేదు. పైగా ఆ కంపెనీలు చాలావరకు అన్ని బ్రాంచీల వాళ్లనూ తీసుకుంటాయి. మెకానికల్ చదివినవాడు కోడ్ రాయొచ్చు. సీఎస్‌ఈ చదివినవాడు మాత్రం సివిల్ అసిస్టెంట్ ఇంజనీరు పోస్టుకు దరఖాస్తే పెట్టలేడు. ఆప్షన్లు పెట్టే రోజున ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

మన దగ్గరి పనే చూడండి. శ్రీశైలం జలాశయం దగ్గర మల్యాలలో మొదలైన హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం కృష్ణా నీళ్లు, మెట్టు మెట్టుకూ పంపులు ఎత్తిపోస్తుంటే, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా కుప్పం బ్రాంచి కాలువలోకి వచ్చాయి. 2025 ఆగస్టులో పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చారు. 700 కిలోమీటర్లు దాటిన ప్రయాణం అది. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని ఊళ్లకు నీళ్లు తెచ్చింది లెవెల్స్ తీసినవాళ్లు, మోటార్లు బిగించినవాళ్లు, సబ్‌స్టేషన్లు కట్టినవాళ్లు. కట్టడంతో పని తీరిపోలేదు. కాలువ లైనింగు పగులుతుంది, పూడిక పేరుకుంటుంది, మోటారు కాలుతుంది. ఏటా మనుషులు కావాలి, అదీ ఇక్కడే కావాలి. నన్నడిగితే ఈ మూడు ఊళ్లకూ ఇంతకంటే భరోసా ఉన్న కొలువు లేదు. కాకపోతే ఆ కొలువుల్లో కొన్ని కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి, నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు రావు. అదీ నిజమే.

బయట గాలి కూడా మారుతోంది. 2025లో టీసీఎస్ దాదాపు 2 శాతం ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. అమెరికాలో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అదే ఏడాది చూపిన లెక్కల్లో కొత్త పట్టభద్రుల నిరుద్యోగం కంప్యూటర్ సైన్స్‌లో 6.1 శాతం, సివిల్‌లో 1 శాతం. అది వాళ్ల దేశం లెక్క, మనకు అతికించుకోలేం. ఐఎస్‌డీ కాల్స్‌లో మేనమామలు చెప్పే కబుర్లకంటే మాత్రం నమ్మదగినది.

సీఎస్‌ఈ పిల్లలూ, ముఖాలు ముడుచుకోకండి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ కుప్పంలో ఐ–కమ్యూనిటీ అనే డిజిటల్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో నాకు నచ్చింది ఒక్కటే. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, సోలార్‌తో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చారు. వాళ్లు ఊళ్లు తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చి సంపాదించుకున్నారు. వాళ్ల దగ్గర పట్టా లేదు, ఫొటో ఎవరికి కావాలో మాత్రం తెలుసు. మీకూ అలాంటి అవసరం ఒకటి ఇక్కడే ఉంది. మదనపల్లె మండీలో 2023 జులై చివర్లో టమోటా కిలో 200 రూపాయల దాకా పోయింది. ధర పడిపోయిన సీజన్లలో అదే కాయను రోడ్డు పక్కన పారబోస్తారు. గ్రేడింగ్, కోల్డ్ స్టోరేజీ, రేపు మండీకి వచ్చే సరుకు అంచనా, వీటిలో సగం మెకానికల్ పని, సగం మీ పని. ఆ రెండు సగాలూ ఈరోజు ఒకే హాల్లో, రెండు వేర్వేరు వరసల్లో కూర్చుని ఉన్నాయి.

ఇంకొక్క మాట. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఈ ఏడాది ఆప్షన్లు పెట్టుకోబోతుంటే గేటు దగ్గరి ఫ్లెక్సీలో ఉన్న ప్యాకేజీ చూపించకండి. అది ఒక్కరిదే. పదేళ్ల కిందట ఇక్కడ చదివిన అన్ని బ్రాంచీల వాళ్లకూ ఫోన్ చేసి, ఇప్పుడేం చేస్తున్నారో అడగమనండి. వాళ్లు సరేనంటే నంబర్లు ఇప్పించమని ప్రిన్సిపాల్ గారికి అందరి ముందే చెబుతున్నాను.