జీతం ఎవరికి రహస్యం?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేసిన తమ్ముడు రీసెర్చ్ స్కాలర్ అని చెప్పాడు. పీహెచ్‌డీలో చేరకముందు నేను రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేశాను. ఈ రోజు సిద్ధాంతం కంటే ఆ రెండేళ్ల గురించే ఎక్కువ మాట్లాడతాను. ఇక్కడున్న వాళ్లలో సగం మంది వచ్చే ఏడాది అదే గేటు ముందు నిలబడబోతున్నారు కాబట్టి.

మా నాయిన తాపీ మేస్త్రీ. నల్లగొండలో పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడి పనికి పోయేవాడు. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "మీ ఆఫీసుల మేస్త్రీకెంత, కూలీకెంత బిడ్డా?" నాకు తెలియదన్నాను. ఆయన నమ్మలేదు. "పక్కన కూసున్నోళ్లకు ఎంతిస్తున్నరో తెల్వకుండ నీ కూలి సరిగ్గ ఇస్తున్నరని ఎట్ల తెలుసు?" అన్నాడు. అడగకూడదు నాయినా, అది రూలు అని చెప్పాను. అలా చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది, అబద్ధం ఎందుకు. అడ్డా మీద రేటు అరిచి చెప్పుకుంటారు, మాది చదువుకున్నవాళ్ల ఉద్యోగం అన్న గర్వం.

ఆ గర్వం ఏడు నెలలు నిలిచింది.

మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో నాతోపాటు రూమ్‌లో ఉన్న అమ్మాయి నాతోపాటే అదే కంపెనీలో, అదే ప్రాజెక్టులో చేరింది. ఇద్దరం ఒకే రకం పని చేసేవాళ్లం, ఒకే మేనేజర్‌కు రిపోర్ట్ చేసేవాళ్లం. ఒక రాత్రి హోమ్ లోన్ గురించి వాళ్లింట్లో వాళ్లతో మాట్లాడుతూ తన జీతం పైకి చెప్పింది. ఏడాదికి నాలుగున్నర లక్షలు. నాది మూడు.

ఫోన్ పెట్టేశాక అడిగాను, ఇంత ఎలా ఇచ్చారని. ఆమె మంచి అమ్మాయి, దాచలేదు. వాళ్ల బాబాయి పదిహేనేళ్లుగా ఇదే ఫీల్డ్‌లో ఉన్నాడు. హెచ్‌ఆర్ ఫోన్ చేసే ముందురోజు ఆయన చెప్పాడట: "వాళ్లు అంకె చెప్పేదాకా నువ్వు చెప్పకు. తప్పదంటే ఐదు అను, నాలుగున్నరకు తగ్గకు." నాకూ అదే హెచ్‌ఆర్ ఫోన్ చేసింది. ఎంత ఆశిస్తున్నారు అని అడిగితే నేనేమన్నానో గుర్తుంది. "మీ ఇష్టం మేడమ్."

మా ఇంట్లో నాకంటే ముందు నెలజీతం తీసుకున్నవాళ్లు ఎవరూ లేరు. నాకు చెప్పే బాబాయి లేడు.

మిత్రులారా, నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. జీతం రహస్యంగా ఉంచాలి అనే మాటను మనం మర్యాదగా, ప్రొఫెషనల్ పద్ధతిగా భావిస్తాం. కానీ జీతం అందరికీ రహస్యం కాదు. ఇంట్లో, చుట్టాల్లో, పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ వాకింగ్ ట్రాక్ మీద ఆ అంకెలు తిరుగుతూనే ఉంటాయి. ఆ ఇళ్లలో పుట్టని వాళ్లకే అది రహస్యం. ఎవరి చుట్టాలు ఎక్కడున్నారన్నది మన దేశంలో కులం నిర్ణయిస్తుంది. కాబట్టి ఆ రహస్యం కులం గీతల వెంబడే నడుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఫ్రెషర్‌గా కొంచెం తక్కువ వస్తే ఏమైంది, ప్రతిభ ఉంటే రెండేళ్లలో అందుకుంటారు అని. లెక్క వేసి చూద్దాం. ఉద్యోగం మారేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ప్రస్తుత సీటీసీ ఎంత? దాని మీద ఇంత శాతం అని కొత్త జీతం కడతారు. ఇద్దరికీ మారిన ప్రతిసారీ సరిసమానంగా 30 శాతం ఇచ్చారనుకోండి. మూడుసార్లు మారేసరికి 3 లక్షలతో మొదలైన మనిషి సుమారు 6.6 లక్షల దగ్గర ఉంటుంది. 4.5 లక్షలతో మొదలైన మనిషి సుమారు 9.9 లక్షల దగ్గర ఉంటుంది. లక్షన్నర తేడా మూడు లక్షల ముప్పై వేలయింది. ఈ మధ్యలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. ఇద్దరికీ ఒకే శాతం ఇచ్చారు. అయినా అంతరం రెట్టింపు దాటింది. బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో, కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసే మనుషులను మెట్ల మీద నిలబెడుతుందని వాదించారు. ఆ మెట్లు ఇప్పుడు ఎక్సెల్ షీటులో శాతాల రూపంలో ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో కులం లేదు, కోడ్‌కు కులం తెలియదు అనే మాట కూడా మీరు విని ఉంటారు. కోడ్‌కు తెలియదు, నిజమే. ఉద్యోగం ఇచ్చేది కోడ్ కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే స్థాయి అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. అదే ఏడాది ప్రచురించిన అధ్యయనంలో సురీందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్న వాళ్లే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం ముఖ్యమని కూడా చెప్పారు. మన దగ్గర ఆ ప్రశ్నకు ఇంకో రూపం ఉంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా, క్యాంటీన్‌లో ఒకాయన "ఎంసెట్‌లో నీ ర్యాంకెంత?" అని అడుగుతాడు. ఆయనకు కావాల్సింది ర్యాంకు కాదని అడిగేవాడికీ తెలుసు, మనకూ తెలుసు.

ఇక కంప్యూటర్ సంగతి. మా గురుకులంలో వారానికి ఒక గంట ల్యాబ్. చెప్పులు బయట విడిచి, ఒక్కో మెషీన్ దగ్గర ముగ్గురం. మౌస్ పట్టుకునే వంతు నాకు వచ్చేసరికి బెల్ కొట్టేది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివాను. అమీర్‌పేటలో కోర్సు నోట్స్ జిరాక్స్ తెచ్చుకుని, ఫోన్‌లో వీడియోలు చూసి, కాగితం మీద ప్రోగ్రాములు రాసుకున్నాను. నేను మొదటిసారి ఇంటికి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ కంపెనీది. రాజీనామా రోజు దాన్ని వెనక్కి ఇచ్చేశాను. ఆ తర్వాత సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఆ మార్కెట్‌ను జనం సీటీసీ అనే పిలుస్తారు. నా జీవితంలో నేను ధైర్యంగా బేరమాడిన సీటీసీ అదొక్కటే.

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు: గిట్‌హబ్‌లో ఏముంది? సొంత ప్రాజెక్టులేమైనా చేశావా? ఎన్నేళ్ల వయసు నుంచి కోడింగ్ చేస్తున్నావు? దీన్ని ఆసక్తికి కొలమానం అనుకుంటారు. 2017-18 జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం. పట్టణాల్లో 23.4 శాతం. పన్నెండేళ్ల వయసులో కోడింగ్ మొదలుపెట్టానని చెప్పే పిల్లవాడు తెలివైనవాడే కావచ్చు. కానీ ఆ జవాబు మొదట చెప్పేది వాళ్లింట్లో కంప్యూటర్ ఉందని, దానికో బల్ల, ఒక గది, కరెంటు, నెట్ ఉన్నాయని. ఆస్తిని ఆసక్తిగా చదవడం ఇది.

సాఫ్ట్‌వేర్ మన పిల్లలకు అన్నం పెట్టింది కదా, దాన్ని ఎందుకు తప్పుపడతారు అని మనవాళ్లే అడుగుతారు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోను. మా ఇంటికి స్లాబు పడింది నా రెండేళ్ల జీతంతోనే. నలభై ఏళ్లు ఇతరుల ఇళ్లకు గోడలు కట్టిన మనిషి తన ఇంటికి స్లాబు వేసుకున్నాడు. కాబట్టి ఆ ఉద్యోగాలు వద్దని నేను అనను. అందులోకి పోయేవాళ్లు నాలా పోవద్దు అంటున్నాను.

మరి ఏం చేయాలి? నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, మన చేతిలో ఉన్నది. మన సీనియర్లలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ప్రతి ఏడాది తమ ఉద్యోగం పేరు, అనుభవం, జీతం రాయాలి. మనుషుల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. హెచ్‌ఆర్ ఫోన్ వచ్చే ముందురోజు మన పిల్లలకు ఆ కాగితం అందాలి. బాబాయి లేని వాళ్లకు అదే బాబాయి.

రెండు, పాత జీతం అడగడం ఆపమని చట్టం కోరాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి దరఖాస్తుదారుల పాత జీతం అడగడం నిషేధం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన ఆదేశం కూడా అదే చెప్తోంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లిన మనిషిని అక్కడ అడగకూడని ప్రశ్న, ఇక్కడ మొదటి ప్రశ్నగా ఎందుకుండాలి? మన 2019 వేతన కోడ్ జెండర్ ఆధారంగా వేతనంలో వివక్ష కూడదంటుంది. ఆ వాక్యంలో కులం లేదు. ఉండాలని అడగాలి. సముద్రం దాటినా కులం పోలేదని గుర్తించే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే గవర్నర్ వీటో చేశాడు. అంటే అక్కడా పోరాటం మిగిలే ఉంది.

మూడు, కాలేజీల గురించి. లైబ్రరీ పుస్తకం ఇంటికి ఇస్తుంది, ల్యాప్‌టాప్ ఎందుకు ఇవ్వకూడదు? ల్యాబ్ ఐదు గంటలకు ఎందుకు మూయాలి? హాస్టల్ పిల్లలకు ఆసక్తి మొదలయ్యేదే ఐదు తర్వాత.

నాలుగు, ఇక్కడున్న అధ్యాపకులకు. కంపెనీలు కులం వారీగా జీతాల లెక్క బయటపెట్టవు, పెట్టాలని చట్టమూ లేదు. ఆ లెక్క మనం తీయాలి. బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన ఆర్థికవేత్త, 1942 నుంచి 46 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన మనిషి. ఆయన పేరు చెప్పుకునే మనం కూలి లెక్కను చిన్న విషయం అనుకోకూడదు.

మా నాయిన ఇప్పుడు అడ్డాకు పోవడం లేదు, మోకాళ్లు సహకరించడం లేదు. మొన్న మా చిన్నాన్న కూతురికి క్యాంపస్‌లో కాకుండా బయట ఒక కంపెనీ నుంచి ఫోన్ వస్తుందని తెలిసింది. ముందురోజు రాత్రి ఆమెకు ఫోన్ చేసి ఆ పనికి ఎవరెవరికి ఎంతిస్తున్నారో నాకు తెలిసినంత చెప్పాను. పక్కన కూర్చుని విన్న నాయిన అన్నాడు, "ఇగ జూడు, ఇప్పుడు అడ్డా అయింది."

ఈ రోజు ఇక్కడి నుంచి బయటికి పోయే ముందు, మీ పక్కనున్న సీనియర్‌ను ఒక్కరిని అడగండి. అక్కా, నీకెంత? అన్నా, నీకెంత? సీనియర్లూ, సిగ్గుపడకుండా చెప్పండి.

జై భీమ్.