ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు

(మన సంఘ వార్షిక సమావేశంలో గరికపాడు సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన దేశపు సరుకుల మీద మనకుండే అభిమానం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. హెచ్.ఎం.టి. గడియారం గురించో, అంబాసిడర్ కారు గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. గడియారం నాకూ ఉండేది. కారు మాత్రం ఆఫీసరుగారిది. ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం వరకే నా అనుభవం. నేను చెప్పదలచుకున్నది మనందరి చేతుల్లో తిరిగిన మరో వస్తువు గురించి. అది ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు.

2020 మార్చి ఆఖరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ పెట్టారు. హైదరాబాదు నుంచి సొంత ఊళ్లకు బయలుదేరిన పిల్లలు మా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. 2014 జూన్ 2 వరకు అది మాకు రెండు జిల్లాల హద్దు. తర్వాత రెండు రాష్ట్రాల సరిహద్దు అయింది. అది దాటడం ఎంత కష్టమో ఆ వారంలోనే కళ్లారా చూశాం.

ఆ కంగారులోనే ఏప్రిల్ 1 వచ్చింది. ఆనాడు ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. 2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌గారు ప్రకటించిన సంగతే గనుక మనకు కొత్త కబురు కాదు. అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు. దగ్గరివారు పోయినా కడసారి చూపుకు వెళ్లలేని రోజులవి. పాత బోర్డు ఒక్కసారి చూసి వద్దామన్నా వీలు లేకపోయింది.

మా ఇంటావిడ, “డబ్బు ఎక్కడికీ పోలేదు కదండీ, ఎందుకంత దిగులు?” అంది. అప్పుడు జవాబు తోచలేదు. ఇన్నాళ్లకు తోచింది మీ ముందు చెబుతున్నాను.

1906లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే దొరల కంపెనీ దివాలా తీసి ఎందరినో ముంచింది. మరుసటి ఏడే అక్కడ ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మన చేతుల్లో ఉండాలన్న ఆలోచన అలా బలపడింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ మన జిల్లాల్లో తిరిగి స్వదేశీ ప్రచారం చేశారు. 1910లో బందరులో జాతీయ కళాశాల వెలిసింది. ఆ కళాశాల పెట్టినవారిలో ఒకరైన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. నవంబరు 20న రిజిస్టరు చేసి, 28న పని ప్రారంభించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు.

ఇక్కడొక మాట గమనించండి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంతకు ముప్పై ఏళ్ల ముందే బ్యాంకు బోర్డు మీద ఆ పేరు ఉన్నది! ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం ఆసరాతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. రాష్ట్రం లేని రోజుల్లో పత్రిక, బ్యాంకు, కళాశాల, ఇవే మనకు రాష్ట్రం. ఆ పేరు చూసుకుని మనం ఒకటని తెలుసుకున్నాం.

ఇక మా ఇంటి సంగతి. నేను 1973లో గుమాస్తాగా చేరాను. అప్పట్లో జీతం చేతికే ఇచ్చేవారు. అక్విటెన్సు రోలులో రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి నోట్లు లెక్కపెట్టుకునేవాళ్లం. మా నాన్నగారిది మెట్ట సేద్యం. డబ్బంటే ఆయనకు ట్రంకుపెట్టెలో, చీరల మడతల కింద ఉండేది. 1975లో మిరపకాయలు అమ్మిన సొమ్ము బ్యాంకులో వేద్దామని నేను పోరాను. వడ్డీ లెక్కలన్నీ చెప్పాను. ఆయన వినలేదు. ఆఖరికి, “ఒరే, ఆ బ్యాంకు ఎవరిదిరా?” అని అడిగారు. “బందరులో పట్టాభిగారు పెట్టింది నాన్నా” అన్నాను. “గాంధీగారి పట్టాభా? ఆ మాట ముందే చెప్పొద్దూ!” అని లేచి కండువా వేసుకున్నారు. ఆ మధ్యాహ్నమే కౌంటరు దగ్గర వేలిముద్ర వేశారు. వడ్డీ రేటు చేయలేని పని ఒక పేరు చేసింది. 1980లో బ్యాంకు జాతీయమైనా ఆయనకు అది ఎప్పటికీ పట్టాభిగారి బ్యాంకే.

విలీనమయ్యాక మనలో కొందరు ఖాతాలు మూసేద్దామన్నారు. నేనూ ఫారం తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి కాస్త చదివాక ఆ ఫారం మడిచి పెట్టాను. యూనియన్ బ్యాంకూ 1919లో బొంబాయిలో పుట్టిన స్వదేశీ బ్యాంకే. 1921లో దాని ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించింది సాక్షాత్తు గాంధీగారు. 1906లో ఉడిపిలో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకు మీద అక్కడివారికీ మనకున్నంత ప్రేమ ఉండదా? 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కలిసిపోయినప్పుడు, సరిహద్దు అవతల కోదాడ మిత్రులు బాధపడితే, “పోనిద్దురూ, పేరేగా” అన్నవాణ్ణి నేనే. 1964లో ఆంధ్రా బ్యాంకు తనలో భారతలక్ష్మి బ్యాంకును కలుపుకున్నది. ఆ ఖాతాదారుల మనసు ఎలా ఉందో నేనెన్నడూ ఆలోచించలేదు. మన దాకా వస్తే గాని నొప్పి తెలియలేదు.

అయినా ఒక్క బాధ మిగిలింది. పెద్ద బ్యాంకైతే పెద్ద అప్పులివ్వగలదని ప్రభుత్వం చెప్పింది. ఆ లెక్కలు ఎలా ఉన్నా, 2023 నవంబరు 28 నాటికి నూరేళ్లు నిండేవి. మూడేళ్ల ఎనిమిది నెలల ముందే పేరు తీసేశారు. నూరో ఏడు చూడనిచ్చి ఉంటే ఏం పోయేది? 2022 ఏప్రిల్ 4న మా జగ్గయ్యపేట వైపు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్లింది. బందరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఇప్పుడు పట్టాభిగారు మాకు పొరుగు జిల్లావారు!

మా ఇంటావిడకు నా జవాబు ఇదే: డబ్బు పోలేదు, నిజమే. మా నాన్నను పెట్టె దగ్గర నుంచి లేపిన మాట పోయింది. మా మనవడిని అలా లేపాలంటే ఇక ఆ కథ నేనే చెప్పాలి. పాత పాస్‌బుక్కు దాచింది అందుకే.

చివరగా గుమాస్తాగా ఒక మనవి. మీ ఖాతాలో నామినీ పేరు సరిగ్గా ఉన్నదో లేదో ఈ నెలలోనే వెళ్లి చూసుకోండి. ఫ్యామిలీ పెన్షనుకు కావలసిన కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లోవారికి చూపించండి. బోర్డు మీద ఏ పేరున్నా, మన తర్వాత మనవాళ్లు ఇబ్బంది పడకూడదు. లక్ష రూపాయలతో బందరులో ఆ బ్యాంకు పెట్టినవారు కోరుకున్నదీ అదే అనుకుంటాను.